క్వీన్ బేస్‌లైన్లు నేర్చుకుంటున్నా - చాలా సింపుల్‌వే, కానీ దించబుద్ధి కావట్లేదు

నిజాంపేట_నాలుగుతీగలు
అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్‌లో ఒక బేస్ గిటార్ కొన్నా, నాలుగు తీగలది, బాడీ మీద గీతలున్నాయి గానీ నెక్ తిన్నగానే ఉంది. కాలేజీ రోజుల నుంచీ క్వీన్ (ఇంగ్లండ్ రాక్ బ్యాండ్) అంటే పిచ్చి, కాబట్టి స్కేల్స్ గీల్స్ అన్నీ పక్కనపెట్టి నేరుగా "అనదర్ వన్ బైట్స్ ద డస్ట్" బేస్‌లైన్ (పాట అడుగున నడిచే లావు స్వరాల వరస) మీద పడ్డా. ఐదో ఫ్రెట్ (నెక్ మీది గడి), మూడో ఫ్రెట్, ఓపెన్ (ఏమీ నొక్కకుండా తీగ మీటడం), ఓపెన్, ఓపెన్. అంతే. అన్నీ ఒక్క లావు తీగ మీదే. ఇన్నేళ్లు విన్న పాట మన వేళ్ల కింద నుంచి వస్తుంటే ఆ ఆనందం ఎలా చెప్పాలో తెలీట్లేదు, పాట పెట్టుకుని దాంతోపాటే వాయిస్తూ అయిపోగానే మళ్లీ మొదట్నుంచి పెడుతున్నా, ఇంట్లోవాళ్లు ఇంకో పాట లేదా అని అడుగుతున్నారు.

అసలు ప్రశ్న ఏంటంటే, దీని తర్వాత ఏది పట్టుకోవాలి? క్వీన్‌లోనే చెప్పండి ప్లీజ్. ఇంకా వేళ్లు సరిగ్గా సాగట్లేదు, కాబట్టి కష్టమైనవి వద్దు.

లోపలి_శ్రుతి
వెల్‌కమ్ అన్నా. ఇంకేముంది, "అండర్ ప్రెషర్". అందులో స్వరాలు రెండే, డి, ఏ (వెస్టర్న్ స్వరాల పేర్లు). "ఏ" అనే తీగ మీద ఐదో ఫ్రెట్ నొక్కితే డి, దాని పక్కనే ఉన్న లావు ఇ తీగ మీద అదే ఐదో ఫ్రెట్ నొక్కితే ఏ. డి ఆరుసార్లు, ఏ ఒకసారి, తర్వాత ఖాళీ. చెయ్యి ఎక్కడికీ కదలక్కర్లేదు. ఆ ఏడు దెబ్బలు వినగానే పాటేంటో ప్రపంచంలో ఎవడైనా చెప్పేస్తాడు, లేదా వెనిలా ఐస్ అనే ర్యాపర్ పాట అనుకుంటాడు 😀 1990లో ఆయన ఇదే లైన్ ఎత్తుకుని ర్యాప్ చేశాడు కదా, తర్వాత క్వీన్‌కీ, వాళ్లతో కలిసి ఆ పాట చేసిన డేవిడ్ బోవీకీ క్రెడిట్ ఇవ్వాల్సొచ్చింది.

గుంటూరు_ఘాటు
ఏమనుకోవద్దు గానీ రెండు నోట్లు వాయించి "నేర్చుకున్నా" అనడం ఏంటి బ్రో. వారంలో బోర్ కొడుతుంది. ముందు మేజర్ స్కేల్, మైనర్ స్కేల్, ఆర్పెజియోలు (కార్డ్ స్వరాలు ఒక్కొక్కటిగా) చెయ్, మెట్రోనోమ్ (టక్ టక్ మని లెక్క కొట్టేది) పెట్టుకుని. పునాది లేకుండా గోడ కడితే ఏమవుద్దో తెల్సు కదా. నేను లీడ్ గిటార్ అలానే నేర్చుకున్నా.

నిజాంపేట_నాలుగుతీగలు
@గుంటూరు_ఘాటు మీరు చెప్పింది తప్పని అనను. కానీ నాకు స్టేజ్ ఎక్కాలని లేదు భయ్యా, ఆఫీసు నుంచి వచ్చాక ఓ అరగంట సంతోషంగా ఉండాలి, అంతే. స్కేల్స్ వాయిస్తే స్కేల్స్ వచ్చాయి అనిపిస్తుంది, ఇది వాయిస్తే నేను క్వీన్‌లో ఉన్నా అనిపిస్తుంది. రెంటికీ తేడా లేదంటారా?

బీచ్‌రోడ్_డ్రమ్మర్
నేను డ్రమ్స్ వాడిని, విశాఖ. ఓ మాట చెప్తాను వినండి, ఈ రెండు నోట్లు మూడు నోట్లు అని తీసిపారేసేవాళ్లు డ్రమ్మర్ పక్కన నిలబడి ఒక్కసారి ఆ "డస్ట్" లైన్ వాయించి చూడండి. నోటు ఎప్పుడు మొదలెట్టాలో అందరికీ తెలుస్తాది, ఎప్పుడు ఆపాలో ఎవడికీ తెలీదు. ఆ పాటలో డ్రమ్స్ ఎంత పొడిగా ఉంటాయి, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) నాలుగు బీట్లకీ పడతానే ఉంటాది, బేస్ మాత్రం ఒకటి, రెండు, మూడు మీద కొట్టి నాలుగో బీట్ వదిలేస్తాది. ఆ వదిలేసిన చోట నీ తీగ ఇంకా మోగుతుంటే పాట చచ్చిపోతాది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. నొక్కిన నోటైతే వేలు కొంచెం లేపితే చాలు, ఆగిపోతుంది. ఓపెన్ తీగకి లేపడానికి వేలే లేదు కదా! అది మోగుతూనే ఉంటాది. ఎడమ చేతి వేళ్లు తీగల మీద మెత్తగా ఆనించాలి, నొక్కకుండా. లేదా కుడిచేతి రెండో వేలు తర్వాతి దెబ్బకి ముందే వచ్చి తీగ మీద కూర్చోవాలి. నిజాంపేట అన్న, మీ రికార్డింగ్ ఉంటే పెట్టండి, మూడు ఓపెన్ ఇ-లూ విడివిడిగా వస్తన్నాయో కలిసిపోతున్నాయో చెప్తాను.

నిజాంపేట_నాలుగుతీగలు
బాబోయ్, ఇప్పుడే వెళ్లి చూశా, అన్నీ కలిసిపోయి ఒకటే గుయ్‌య్‌య్ మంటోంది. ఇన్నాళ్లూ రికార్డుతో పాటు వాయిస్తున్నా కదా, వాళ్ల సౌండ్ నా సౌండ్‌ని కప్పేస్తోంది అన్నమాట. చెయ్యి ఆనించి వాయిస్తే ఒక్కసారిగా వేరే పాటలా ఉంది!! నోట్లు అవే, ఫ్రెట్లు అవే. థాంక్స్ అన్నా, రికార్డింగ్ రేపు పెడతా.

రాగసుధ
నాకు బేస్ గిటార్ రాదు, వీణ నేర్చుకున్నా, మా తమ్ముడు వాయిస్తాడు కాబట్టి ఈ త్రెడ్ చదువుతున్నా. ఆ "డస్ట్" లైన్లో నాకు బాగా నచ్చింది ఎత్తుగడ. ఐదు, మూడు అని రాశారు కదా, ఆ రెండు స్వరాలూ తాళం సమం (మొదటి దెబ్బ) మీద పడవు, సమానికి ముందే వచ్చేస్తాయి, మూడో స్వరం వచ్చి సమం మీద కూర్చుంటుంది. మన దగ్గర దీన్నే అతీత గ్రహం అంటాం. తమ్ముడు మొదట్లో ఆ "ఐదు" దగ్గరే ఒకటి అని లెక్క మొదలెట్టేవాడు, అందుకే ఎప్పుడూ డ్రమ్స్‌కి తప్పిపోయేవాడు. చేత్తో తాళం వేస్తూ నోటితో ఆ లైన్ పాడమన్నా, వాయించొద్దు అన్నా. ఒక సాయంత్రంలో కుదిరిపోయింది. మీరూ ముందు నోటితో పాడి చూడండి, డుమ్ డుమ్ అని అయినా సరే.

గుంటూరు_ఘాటు
ఇది మాత్రం పాయింటే అక్కా. ఎత్తుగడ సంగతి నేను గమనించలేదు ఎప్పుడూ.

ఎడిసన్_బాబాయ్
ఇక్కడ న్యూజెర్సీలో రాత్రి రెండయింది, నిద్రపోకుండా ఇది చదువుతున్నా, మీ అందరి పుణ్యమా అని. క్వీన్ అంటే పాడే ఫ్రెడ్డీ, లేకపోతే గిటార్ వాయించే బ్రయన్ మే, అంతే చెప్పుకుంటారు జనం. ఆ మూల నిలబడి తల ఊపుకుంటూ బేస్ వాయించే జాన్ డీకన్ గురించి ఎవరూ మాట్లాడరు. కాబట్టి నేను మాట్లాడతా, ఓపిక ఉంటే చదవండి.

1951లో లెస్టర్‌లో పుట్టాడు. లండన్ చెల్సీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదువుతూ 1971లో క్వీన్‌లో చేరాడు, నలుగురిలో ఆఖరున వచ్చినవాడు, వయసులోనూ చిన్నవాడు. చదువు మానలేదు, డిగ్రీ పూర్తి చేశాడు. ఆ చదువు ఎక్కడికీ పోలేదు కూడా, ఎవరో చెత్తలో పారేసిన సర్క్యూట్ బోర్డు ఒకటి రోడ్డు మీద దొరికితే దాంతో ఓ బుల్లి యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే డబ్బా) తయారు చేశాడు, బ్యాటరీతో నడిచేది. దాన్నే డీకీ యాంప్ అంటారు. క్వీన్ పాటల్లో గిటార్లు వయొలిన్ల గుంపులాగా, బాకాల్లాగా వినిపిస్తాయి చూడండి, వాటిలో చాలావరకు బ్రయన్ మే తన గిటార్‌ని ఆ బుల్లి డబ్బాలోకి పెట్టి వాయించినవే.

ఇంక మీరు పట్టుకున్న పాట. 1980, ద గేమ్ ఆల్బమ్. రాసింది డీకనే. బేస్ ఒక్కటే కాదు, అందులో ఆ రిథమ్ గిటార్ కూడా ఆయనే. అంతకు ముందు ఏడాది షీక్ అనే అమెరికన్ డిస్కో బ్యాండ్ "గుడ్ టైమ్స్" అని ఓ పాట చేసింది, దానికి బేస్ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. ఆ ప్రభావం డీకన్ లైన్లో స్పష్టంగా ఉంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి, మొదటి మూడు దెబ్బల దగ్గరే తెలిసిపోతుంది. రాక్ బ్యాండ్ డిస్కో వాయించడమేంటి అని లోపల గొణుగుడు ఉండేది. దాన్ని సింగిల్‌గా విడుదల చెయ్యండి అని సలహా ఇచ్చింది మైకేల్ జాక్సన్. అమెరికాలో నంబర్ వన్ అయింది.

మీ తరానికి ఇవన్నీ ఫోన్లో దొరుకుతాయి నాయనా. మేం క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి వినేవాళ్లం, టేప్ సాగిపోయి శ్రుతే మారిపోయేది, తర్వాత బేస్ దాంతో కలిసేది కాదు.

కొత్త_బేసోడు
హాయ్ అన్నలూ, నేను ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్, వరంగల్. నాకు ఒక డౌట్. పాట ఫోన్ల పెట్టి వింటె బేస్ అసలు వినిపిస్తలేదు. ట్యాబ్ (ఏ ఫ్రెట్ నొక్కాల్నో నంబర్లతో రాసింది) చూసి వాయిస్తున్న గానీ కరెక్టో కాదో గుర్తుపట్టలేక పోతున్న. నా చెవులకే ఏమన్న ప్రాబ్లమా?

లోపలి_శ్రుతి
@కొత్త_బేసోడు చెవులు బాగానే ఉన్నాయి తమ్ముడూ, స్పీకరే చిన్నది. బేస్ ఓపెన్ ఇ తీగ దాదాపు 41 హెర్ట్జ్, ఏ 55, ఫోన్ స్పీకర్ అంత కిందకి దిగదు. మనకి ఫోన్లో కొంచెం వినిపించేది కూడా అసలు స్వరం కాదు, దాని పైన ఉండే 82, 123 లాంటి హార్మోనిక్స్, మిగతాది మెదడే పూరించుకుంటుంది. చెవులు మొత్తం కప్పే హెడ్‌ఫోన్స్ పెట్టుకో, ఖరీదైనవి అక్కర్లేదు. హాస్టల్ కాబట్టి ఎలాగూ యాంప్ పెట్టలేవు, నేరుగా గిటార్‌కి గుచ్చే చిన్న హెడ్‌ఫోన్ యాంప్ దొరుకుతుంది, ఫోన్ పాట కూడా అందులోకే కలిపేసుకోవచ్చు, రూమ్మేట్ నిద్రపోతున్నా నీ గోల నీది.

కొత్త_బేసోడు
అన్నా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్న. మస్తున్నది!! ఈ పాట ఎన్నో సార్లు విన్న గానీ కింద ఇంత జరుగుతున్నదని తెల్వనే తెల్వదు. ఇప్పుడు ఏ పాట విన్నా పాడేటోళ్ల మాటలు వినబడ్తలేవు, బేస్ ఒక్కటే వినబడ్తుంది 😂

ఇంకో డౌట్. ఓపెన్ తీగ ఆపడం కష్టమైతుందని "ఏ" తీగ మీద ఏడో ఫ్రెట్ నొక్కుతున్న, అది కూడ ఇ నే గద?

బీచ్‌రోడ్_డ్రమ్మర్
పేరు ఇ నే గానీ ఒక ఆక్టేవ్ (స్థాయి) పైది తమ్ముడూ. 82 హెర్ట్జ్‌ది. కింద ఇ వేరు. ఆ లావు అంతా పోతాది. కష్టమైనా ఓపెన్‌దే వాయించు, ఆ ఆపడం ఒక్కటి వచ్చేస్తే సగం బేస్ వచ్చేసినట్టే.

మెకానికల్_మ్యాడీ
సింపుల్ బేస్‌లైన్ అంటే "సెవెన్ నేషన్ ఆర్మీ" ఎవరూ చెప్పలేదేంటి? ఒక్క తీగ మీద, ఒక్క వేలితో వాయించేయొచ్చు. క్వీన్ కాదనుకోండి.

ఎడిసన్_బాబాయ్
వాయించొచ్చు, బాగుంటుంది కూడా. కానీ అది బేస్ గిటారే కాదు బాబూ. అది చేసిన వైట్ స్ట్రైప్స్ బ్యాండ్‌లో ఉన్నదే ఇద్దరు, బేసిస్ట్ లేడు. 2003లో జాక్ వైట్ మామూలు గిటార్‌ని పెడల్‌తో ఒక ఆక్టేవ్ కిందకి దించి వాయించాడు.

మెకానికల్_మ్యాడీ
ఏంటీ!! ఇన్నేళ్లూ మోసపోయా.

కొబ్బరితోట
రాక్ అభిమానులు కొట్టొచ్చు గాక, నేను అంటా. సింపుల్‌గా ఉండి మనసులో తిష్ఠ వేసే బేస్ కావాలంటే లండన్ దాకా ఎందుకు, ఇళయరాజా పాట ఏదైనా హెడ్‌ఫోన్స్‌లో వినండి. గీతాంజలి పాటలు వినండి చాలు.

నిజాంపేట_నాలుగుతీగలు
@కొబ్బరితోట రాజా గారి బేస్‌లైన్లు సింపులా? అన్నా దండం పెడతా. ఒకటి ట్రై చేశా, పల్లవి దాటేలోపే వేళ్లు ముడిపడ్డాయి. అది పాట కింద ఇంకో పాట. వినడానికి ఆయన, వాయించడానికి ప్రస్తుతానికి డీకన్. ఓ రెండేళ్లాగి మళ్లీ అడగండి.

లోపలి_శ్రుతి
కరెక్ట్. రాజా గారికి వేరే త్రెడ్ ఉండాలి, దీన్ని దారి తప్పించొద్దు.

నిజాంపేట అన్నా, "అండర్ ప్రెషర్" మొదలెట్టావా?

నిజాంపేట_నాలుగుతీగలు
మొదలెట్టా. డి, ఏ వచ్చేశాయి గానీ మధ్యలో ఆ డిడ్డిడుమ్ దగ్గర రెండు వేళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి కొట్టాలంటారు కదా, నాకు తొందరలో చూపుడు వేలే రెండుసార్లు వస్తోంది. అయినా ఆ ఏడు దెబ్బల తర్వాత వచ్చే ఖాళీ ఉంది చూడండి, అక్కడ రికార్డులో చిటికెలు వినిపిస్తాయి, అక్కడ ఏమీ వాయించకుండా కూర్చోవడం ఇంత బాగుంటుందని అనుకోలేదు. చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి గెలకాలని చూస్తుంది, ఆపుకుని ఆపుకుని మళ్లీ సరిగ్గా డి దగ్గర దిగితే, ఆహా.

ఎడిసన్_బాబాయ్
ఆ లైన్ వెనక కథ తెల్సా. 1981, స్విట్జర్లాండ్‌లో మాంట్రో ఊళ్లో క్వీన్ వాళ్ల స్టూడియో, బోవీ వచ్చాడు, అందరూ కలిసి ఏదో వాయించుకుంటున్నారు. డీకన్ ఈ లైన్ వాయించాడు, బాగుందన్నారు, పిజ్జా తినడానికి బయటికెళ్లారు. తిరిగొచ్చేసరికి డీకన్ ఆ లైన్ మర్చిపోయాడు! వాళ్ల డ్రమ్మర్ రోజర్ టేలర్ గుర్తుచేశాడట. బ్రయన్ మే ఇదే కథ కాస్త వేరేగా చెప్తాడు, దాంట్లో లైన్ సరిచేసేది బోవీ. ఏదైతేనేం, సృష్టించినవాడే మర్చిపోయిన లైన్‌ని నిజాంపేటలో కూర్చుని గుర్తుపెట్టుకుని వాయిస్తున్నావు, అది చాలు.

బీచ్‌రోడ్_డ్రమ్మర్
వేళ్ల సంగతికి మందు ఒక్కటే, స్లో చెయ్యాలి. యూట్యూబ్‌లోనే స్పీడ్ 0.75 పెట్టుకోవచ్చు, శ్రుతి మారదు, బాబాయ్ గారి క్యాసెట్‌లా కాదు 😄 స్లోలో వేళ్లు మారుతున్నాయా లేదా చూసుకుంటూ వాయించండి. స్పీడు దానంతటదే వస్తాది.

అన్నట్టు "డస్ట్" టెంపో (వేగం) నిమిషానికి సుమారు 110 బీట్లు. గుండె ఆగినవాడికి సీపీఆర్ చేసేటప్పుడు ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలంటారు, సరిగ్గా అందులో పడతాది. టెంపో బానే ఉంది గానీ పేషంట్ పక్కన ఆ పాట మాత్రం పైకి పాడకండి, ఇంకొకడు మట్టిగరిచాడు అని అర్థం.

రాగసుధ
😂😂 మా తమ్ముడు మెడికోనే, ఇది వాడికి పంపిస్తున్నా.

గుంటూరు_ఘాటు
సరే, ఒప్పుకుంటున్నా అనుకోకండి, కానీ నిన్న రాత్రి ఫ్రెండ్ బేస్ తీసుకుని ఆ "డస్ట్" వాయించా. లీడ్ వాయించే వేళ్లు కదా, నోట్లు వెంటనే వచ్చేశాయి. పాటతో కలిపితే మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది, ప్రతిసారీ నేనే ముందు పరిగెడుతున్నా. లీడ్‌లో కాస్త ముందుకెళ్లినా ఎవరూ పట్టించుకోరు, పైగా జోష్ అంటారు. ఇక్కడ వెంట్రుకవాసి ముందుకెళ్లినా దొరికిపోతున్నాం. డ్రమ్మర్ అన్నా దీనికేంటి మందు?

బీచ్‌రోడ్_డ్రమ్మర్
కిక్ డ్రమ్‌ని విను, నీ బేస్‌ని కాదు. నీ నోటు కిక్ వెనకాల దాక్కుని రెండూ ఒక్క దెబ్బలా వినపడితే సరిగ్గా ఉన్నట్టు. నీ నోటు నీకు విడిగా వినపడుతోందంటే నువ్వు ముందో వెనకో ఉన్నావన్నమాట.

గుంటూరు_ఘాటు
నా నోటు నాకే వినపడకూడదా? గిటారిస్టుకి చెప్పాల్సిన మాటేనా ఇది అన్నా 😭

కొత్త_బేసోడు
అన్నలూ ఈ రెండూ అయినంక ఏది? లిస్ట్ చెప్పున్రి.

లోపలి_శ్రుతి
నా వరకు అయితే "ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ". 1984, అదీ డీకన్ రాసిందే. చరణాలు దాదాపు బ్లూస్ చట్రం, ఇ, ఏ, బి మూడే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు), ఒక్కో దాని మీద చాలాసేపు ఉండొచ్చు, కాబట్టి తర్వాత ఎక్కడికి వెళ్లాలో ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది. మధ్యలో కార్డ్‌లు మారే చోట మాత్రం కొంచెం చూసుకో. ఇ నుంచి ఏ కి మారేటప్పుడు చెయ్యి కదపక్కర్లేదు, తీగ మారితే చాలు, ఈ సంగతి అర్థమైన రోజు నాకు సగం పాటలు ఒకేసారి అర్థమైనట్టు అనిపించింది.

దాని తర్వాత "క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్". పాత రాకబిల్లీ స్టైల్, బేస్ నడుస్తుంది అందులో, అంటే మెట్లెక్కి దిగినట్టు స్వరం నుంచి స్వరానికి, ఇక్కడే నీకు స్కేల్ అవసరమవుతుంది, గుంటూరు అన్న సంతోషిస్తాడు. "యూ ఆర్ మై బెస్ట్ ఫ్రెండ్" జోలికి మాత్రం ఇప్పుడే పోకు. వినడానికి అమాయకంగా ఉంటుంది, బేస్ మాత్రం కుదురుగా ఒక్కచోట ఉండదు. అది 1975లో డీకన్ రాసింది, రికార్డులో ఆ ఎలక్ట్రిక్ పియానో కూడా ఆయనే వాయించాడు.

మెకానికల్_మ్యాడీ
"వి విల్ రాక్ యు" అన్నిటికంటే ఈజీ. బేసే లేదు. కాళ్లతో రెండు, చేతులతో ఒకటి.

కొత్త_బేసోడు
అది నాకొచ్చు అన్నా, హాస్టల్ మెస్సుల రోజూ ప్లేట్ల మీద అదే కొడతం.

ఎడిసన్_బాబాయ్
క్వీన్ బయటికి ఎప్పుడైనా వెళ్లాలనిపిస్తే యూటూ అనే బ్యాండ్ పాట "విత్ ఆర్ వితౌట్ యు" వినండి, 1987. వాళ్ల బేసిస్ట్ ఆడమ్ క్లేటన్ డి, ఏ, బి, జి ఈ నాలుగే తిప్పి తిప్పి వాయిస్తాడు, పాట ఎంత పైకెళ్లినా ఆయన అక్కడే. దమ్ముండాలి అలా నిలబడటానికి, చుట్టూ అందరూ ఎగురుతుంటే మనకీ ఎగరాలనిపిస్తుంది కదా.

ఇంకో సంగతి, పనికొస్తుందో లేదో, ఫ్రెడ్డీ జాంజిబార్‌లో పుట్టిన పార్సీ పిల్లాడు, బడి చదువు మన పంచగనిలో. అక్కడే స్కూల్ బ్యాండ్‌లో పియానో వాయించేవాడు. కాబట్టి కొబ్బరితోట గారూ, లండన్ దాకా వెళ్లక్కర్లేదు, పుణె దాటితే చాలు.

కొబ్బరితోట
హహ సరే బాబాయ్, ఒక మెట్టు దిగుతున్నా. కానీ రాజా త్రెడ్ నేను పెడతా, అందరూ రావాలి.

నిజాంపేట_నాలుగుతీగలు
రికార్డింగ్ పెట్టా, కింద లింక్. "డస్ట్" ముప్పై సెకండ్లు, రికార్డు లేకుండా ఉత్త బేస్, మెట్రోనోమ్‌తో. మూడు ఇ-లు విడిగా వస్తున్నాయి అనే అనుకుంటున్నా. రెండో భాగంలో ఇ ఇ ఇ జి ఇ ఏ దగ్గర జి కాస్త చిర్రుమంటోంది, అదేంటో అర్థం కాలేదు.

బీచ్‌రోడ్_డ్రమ్మర్
విన్నాను. మూడు ఇ-లూ శుభ్రంగా ఉన్నాయి, నాలుగో బీట్ మీద నిజంగా ఖాళీ ఉంది, శభాష్. చివరికొచ్చేసరికి కొంచెం పరిగెడుతున్నారు, అది అందరికీ ఉండేదే. మెట్రోనోమ్ తియ్యండి, ఒట్టి డ్రమ్ ట్రాక్ ఒకటి వాయించి పంపిస్తాను, 90లో ఒకటి, 100లో ఒకటి, 110లో ఒకటి. దాని మీద వాయించి పంపండి, రెండూ కలిపి ఇక్కడ పెడదాం.

లోపలి_శ్రుతి
జి దగ్గర చిర్రు అంటే వేలు ఫ్రెట్‌కి దూరంగా, మధ్యలో నొక్కుతున్నావు. మూడో ఫ్రెట్ లోహపు కమ్మీకి ఆనుకునేలా, దాని వెనకే నొక్కు, బలం తక్కువ చాలు. అలా చేసినా పోకపోతే ఆ తీగ బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర కొంచెం పైకి లేపాలి, సెకండ్ హ్యాండ్ వాటిలో మామూలే, చిన్న అలెన్ కీ (ఆరు పలకల స్క్రూ తిప్పేది) ఉంటే నువ్వే చేసుకోవచ్చు.

గుంటూరు_ఘాటు
డ్రమ్మర్ అన్నా ఆ ట్రాక్ నాకూ పంపవా. 90ది చాలు.